పాలక్యానులో గడ్డకట్టని నెత్తురు

గుంటూరు వైద్య కళాశాల 1946లో మొదలైంది. ఎనభై ఏళ్ల పండగకి ఏదైనా రాయమన్నప్పుడు నా మనసు ముందుగా మా పెద్దమ్మ మాత్రల డబ్బా మీదికి పోయింది. గుండె కవాటం మార్చినప్పటి నుంచీ రోజూ సాయంత్రం దీపం పెట్టాక ఆవిడ ఒక చిన్న మాత్ర వేసుకుంటుంది. ఇంట్లో దాన్ని 'రక్తం పలచబడే మాత్ర' అంటాం. నిజానికి రక్తం పలచబడదు, గడ్డకట్టడం నెమ్మదిస్తుందంతే.

ఆ నెమ్మది ఎంత అవసరమో బృహద్ధమని చెబుతుంది. గుండెలోంచి బయల్దేరే ఈ పెద్ద నాళం బొడ్డు దగ్గర రెండుగా చీలి కాళ్లలోకి దిగుతుంది. కీళ్లవాతం జ్వరంతో పాడైన గుండెలో పుట్టిన గడ్డ కొట్టుకొచ్చి ఆ చీలికలో అడ్డం పడిందా, రెండు కాళ్లూ ఒక్కసారే చల్లబడి పాలిపోతాయి. చేతిలో ఉండేవి కొద్ది గంటలే. వెంటనే నరంలోకి హెపారిన్ ఎక్కిస్తారు. అది ఉన్న గడ్డని కరిగించదు, పెరగనివ్వదు. లాగాల్సిన గడ్డని సర్జన్ సన్నటి బెలూన్ గొట్టంతో లాగేస్తాడు. థామస్ ఫోగర్టీ ఆ గొట్టం గురించి లోకానికి చెప్పింది 1963లో. గడ్డ ధమని గోడకి అతుక్కుని ఉంటే కొందరికి కోత లేకుండా, మందుతోనే నెట్టుకొస్తారు.

నెత్తురుని గడ్డకట్టనివ్వని మందుల కథ జలగలతో మొదలవుతుంది. సుశ్రుతుడు జలగలతో నెత్తురు తీయించాడు. ఆ జలగ నోటి రసంలోనే గడ్డకట్టనివ్వని గుణముందని 1884లో హేక్రాఫ్ట్ అనే శాస్త్రవేత్త గమనించేదాకా శతాబ్దాలు గడిచిపోయాయి. 1916లో బాల్టిమోర్‌లో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థికి కుక్క కాలేయంలో ఇలాంటి పదార్థమే దొరికింది. హెపారిన్ కథ అక్కడ మొదలైంది.

నాకు మాత్రం ఇష్టమైన కథ ఒక రైతుది.

1933 ఫిబ్రవరి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఎడ్ కార్ల్‌సన్ పశువులు ఒకటొకటే నెత్తురు కారి చచ్చిపోతున్నాయి. మేత స్వీట్ క్లోవర్ గడ్డి. తడిసి బూజు పట్టింది. ఆర్థిక మాంద్యం రోజులు, పారేసి వేరే కొనే స్తోమత లేదు. అకాల వానకి వామి తడిస్తే పైపొర తీసేసి లోపలిది పశువులకి వేసే మన రైతుకి ఆ ఇబ్బంది విడమరచి చెప్పక్కర్లేదు. కార్ల్‌సన్ చచ్చిన పెయ్యనీ, పాలక్యాను నిండా గడ్డకట్టని నెత్తురునీ, దాదాపు 45 కిలోల పాడు గడ్డినీ బండికెత్తుకుని మంచు తుఫానులో సుమారు 300 కిలోమీటర్లు నడిపాడు. శనివారం కావడంతో పశువైద్యాధికారి ఆఫీసు మూసేశారు. తలుపు తీసి ఉన్న ఒక ప్రయోగశాలలోకి వెళ్లాడు. అది జీవరసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్‌ది.

లింక్ ఆ రోజు చెప్పగలిగింది కొంచెమే: ఈ గడ్డి మానెయ్యి, మిగిలినవాటికి మంచి పశువు నెత్తురు ఎక్కించు. రైతు వెళ్లిపోయాక కూడా లింక్ సహాయకుడు ఆ క్యానులో చేతులు ముంచి చూస్తూనే ఉన్నాడట. నెత్తురు కార్పించే ఆ పదార్థం 1939లో చేతికి చిక్కేసరికి ఆరేళ్లు పట్టింది. గడ్డికి కమ్మటి వాసననిచ్చే కౌమరిన్‌ని బూజు డైకౌమరాల్‌గా మారుస్తోందని ఆ తర్వాత తేలింది. దాని తోబుట్టువు వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా వచ్చింది. 1951లో దాన్ని మింగిన ఒక అమెరికా సైనికుణ్ణి విటమిన్ కె బతికించడంతో మనుషులకి ఇవ్వడానికి డాక్టర్లకి ధైర్యమొచ్చింది. 1955లో గుండెపోటు వచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కీ ఇచ్చారు. మా పెద్దమ్మది ఇదే కుటుంబంలోని అసిట్రోమ్.

ఇక్కణ్ణుంచి కథ ఒక దారిన నడవదు. 2016లో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడి చేసింది. గుండె పని యంత్రానికి అప్పగించాలంటే ముందు పడాల్సింది హెపారినే. కోవిడ్ రోజుల్లో పొట్ట మీద పొడిచిన సూదుల్లోనూ దాని తమ్ముడే ఉన్నాడు. నెలనెలా రక్తపరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలొచ్చాయి. లోహపు కవాటాలున్నవాళ్ల మీద వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌ని పరీక్షించి, గడ్డలూ రక్తస్రావాలూ ఎక్కువవడంతో 2013కల్లా ఆపేశారు. కీళ్లవాతంతో కవాటాలు పాడై గుండె లయ తప్పినవాళ్లకి మరో కొత్త మాత్రకంటే పాత మాత్రే మేలని 2022లో తేలింది. ఆ జబ్బు మన పేద ఇళ్లలోదే. అందుకే బూజు గడ్డి మందు ఇంకా మన ఊళ్లలో బతికే ఉంది.

పెద్దమ్మ దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. తేదీ, నెత్తురు ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ అంకె, మాత్ర ఒకటా అరా. ఆకుకూరల్లోని విటమిన్ కె మాత్రకి ఎదురు తిరుగుతుందని తెలిసిన రోజు గోంగూర మానెయ్యాలేమోనని దిగులుపడింది. మానక్కర్లేదమ్మా, ఒక వారం గిన్నెడు, ఒక వారం అసలు లేకుండా కాకుండా, ఎప్పుడూ ఒకే లెక్కన తినమన్నాడు డాక్టరు. ఇప్పుడు ప్రతి బుధవారం గోంగూర పప్పు, అదీ రెండు గరిటెలే.