లూట్: మన ఇంటి లఫ్జు, ఇంగ్లీషు వేషం

మొన్న మా అబ్బాయి సెల్లులో ఆట ఆడుతూ "అబ్బా, లూట్ దొరికింది!" అని కేకేశాడు. "అది ఏ జుబాన్ బేటా?" అన్నాను. "ఇంగ్లీష్" అన్నాడు. నవ్వొచ్చింది. వాళ్ల దాదీ బజారు ధరలు విన్నప్పుడల్లా "లుట్ గయే" అనే అంటుంది కదా!

సంస్కృతంలో లుంఠనం అంటే దోపిడి. ఉర్దూ, హిందీల్లోని లూట్, లూట్‌నా ఆ వంశానివే. మన తెలుగు లూటీదీ అదే ఖాన్‌దాన్. 18వ శతాబ్దం ఆఖర్న ఈస్టిండియా కంపెనీ మనుషుల ద్వారా ఈ లఫ్జు ఇంగ్లీషులోకి చేరింది. తర్వాతి శతాబ్దంలో క్రియగా స్థిరపడింది. 1860లో బీజింగ్ వేసవి మహల్‌ని కొల్లగొట్టినప్పుడు దొరికిన కుక్కపిల్లను విక్టోరియా రాణికి నజరానాగా ఇచ్చారు. దానికి పెట్టిన పేరు 'లూటీ'!

అయితే తమ దోపిడికి వాళ్ల కాగితాల్లో ఉన్న మాట వేరు. 1799 మే 4న శ్రీరంగపట్నం కూలింది, టిపూ సుల్తాన్ షహీదయ్యారు. ఆ రాత్రి సిపాయిలు ఊరి మీద పడ్డారు. మర్నాడు ఆర్థర్ వెల్లెస్లీ కొందరిని ఉరితీయించి, కొరడాలతో కొట్టించి దాన్ని ఆపాడు. తర్వాత ఖజానాకు లెక్క కట్టి హోదాల వారీగా పంచుకున్నారు. జనరల్ హారిస్ వాటా ఎనిమిదో వంతు, అంటే 1,40,000 పౌండ్లకు పైగా. బంగారు తఖ్త్‌ను ముక్కలు చేశారు. సిపాయి తీసుకున్నది లూట్, జనరల్ తీసుకున్నది 'ప్రైజ్'. ఇది బడిలో గెలిచే ప్రైజ్ కాదు. ఫ్రెంచిలో 'పట్టుకున్నది' అనే మాట నుంచి వచ్చింది.

ఇన్సాఫ్‌గా చెప్పాలంటే, ఆ యుద్ధంలో మన నిజాం ఫౌజు కూడా కంపెనీ పక్షానే ఉంది. గెలిచిన సొమ్ముకు 'మాలె గనీమత్' అని మర్యాదైన పేరు మన జుబాన్‌లోనూ ఉంది.

వార్తలు రాసే మాకూ ఇదే ఆదత్. ఆకలితో ఉన్నవాడు బియ్యం బస్తా ఎత్తుకెళితే 'లూటీ' అంటాం. ఫౌజు ఊరు ఊరే తీసుకుంటే 'స్వాధీనం' అంటాం. ఆ లఫ్జు రాసే ముందు ఒక్క నిమిషం ఆగాలని నాకు నేనే చెప్పుకుంటాను.

ఇదంతా విన్నాక మావాడు అడిగాడు: "మరి టిపూ సామాన్లు వాపస్ ఇచ్చారా అబ్బా?"

తఖ్త్ మీది హుమా పక్షి ఇంగ్లండ్ రాజవంశం దగ్గర ఉంది. కొయ్యపులి లండన్ మ్యూజియంలో ఉంది. టికెట్ లేకుండానే చూడొచ్చు.