ఆసుపత్రి కొలువు, డాక్టరు చదువు

అనంతపురం పెద్దాసుపత్రిలో నేను స్టాఫ్ నర్సును. 2000లో ఈ ఆసుపత్రికి మెడికల్ కాలేజీ వచ్చి చేరింది. మేము సూది వేసే రోగి చుట్టూనే నిలబడి చదువుకునే పిల్లలు ఏటా కొత్తగా వస్తారు, డాక్టర్లయి పోతారు. కాన్యులా ఎట్ల పెట్టాలో వాళ్ళకు మొదట చూపించేది చాలాసార్లు మేమే. ఒక నైట్ డ్యూటీలో హౌస్ సర్జను అమ్మాయి, "సిస్టర్, మీరే నీట్ రాయొచ్చు గదా" అన్నది. ఇంటర్ బైపీసీ చదివినదాన్నే. వయసు నలభై దాటింది. నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ మాట మనసులోనుంచి పోలేదు.

అసలు మాలాంటోళ్ళకు ఆసుపత్రి పనిలోనుంచి డాక్టరయ్యే దారి ఎప్పుడైనా ఉండిందా అని పాత సంగతులు తిరగేసినాను. ఉండింది. మన మద్రాసు రాజధానిలో ఇంగ్లీషు వైద్యం చదువు మొదలైందే ఆ దారిన.

ఈస్టిండియా కుంఫిణీ వాళ్ళకు మొదట కావలసింది పట్టాలున్న డాక్టర్లు కాదు. పటాలం వెంట నడిచి, గాయాలు కట్టి, మందులు కలిపే కింది నౌకర్లు. ఆసుపత్రి పనికి కుదిరిన కుర్రాళ్ళను సర్జను దొరల కింద పెట్టి పని నేర్పించేవాళ్ళు. 1835లో మద్రాసు జనరల్ ఆసుపత్రి దగ్గర డాక్టర్ మార్టిమర్ నడిపిన మెడికల్ స్కూలు పుట్టింది అట్లాంటి వాళ్ళ కోసమే. చదివేవాళ్ళకు నెలనెలా భత్యం ఇచ్చి, చదువయ్యాక సర్కారు కొలువులో పెట్టుకునేవాళ్ళు. 1850లో ఆ స్కూలు కాలేజీ అయింది. 1877లో రాయపురంలో ఇంకో స్కూలు పెట్టినారు, ఇప్పటి స్టాన్లీ కాలేజీకి మూలం అదే. 1902లో విశాఖలో ఒకటి వచ్చింది. ఈ స్కూళ్ళలో తయారైనవాళ్ళు మొదట హాస్పిటల్ అసిస్టెంట్లు, తర్వాత సబ్ అసిస్టెంట్ సర్జన్లు. బళ్ళారి నుంచి విడదీసి 1882లో అనంతపురం జిల్లా చేసినాక మన తాలూకా డిస్పెన్సరీలు నడిచింది ఇట్లాంటి వాళ్ళ చేతుల మీదనే. పల్లె జనానికి డాక్టరంటే వాళ్ళే. ఎల్.ఎం.పి. అని, అంటే లైసెన్సు ఉన్న వైద్యులమని, పేరు పక్కన రాసుకున్న ముసలి డాక్టర్లను మా నాయన తరం బాగా ఎరుగును.

1946లో, దేశ ఆరోగ్య పరిస్థితి చూడడానికి సర్కారు వేసిన భోర్ కమిటీ లెక్క తీసేసరికి దేశంలో ఉన్న సుమారు 47 వేల మంది డాక్టర్లలో దాదాపు 30 వేల మంది ఈ లైసెన్సు చదువు వాళ్ళే. డిగ్రీ డాక్టర్లు 18 వేలకు లోపే. ఇకమీదట దేశమంతా ఒకే రకం డాక్టరు ఉండాలని కమిటీలో ఎక్కువమంది అన్నారు. డాక్టర్లే సరిపోని కాలంలో ఆ లైసెన్సు చదువు ఆపొద్దని కొందరు ఒప్పుకోలేదు. చివరికి ఎక్కువమంది మాటే నెగ్గింది. పల్లెకొక రకం వైద్యుడు, పట్నానికొక రకం కూడదన్న మాట న్యాయమే, నేను కాదనను. అప్పటికే ఎల్.ఎం.పి. అయినవాళ్ళకు కుదించిన ఎం.బి.బి.ఎస్. కోర్సు పెట్టి పైకి చేర్చినారు కూడా. ఆ తరం ఎక్కినాక నిచ్చెన తీసేసినారు, అదీ నా ఫిర్యాదు. కింద నుంచి వచ్చేవాళ్ళకు ఇంకొకటి వేయలేదు.

అటుతర్వాత తలుపు తీసేది మార్కులు. మన సీమకు కర్నూలు కాలేజీ 1956లో, తిరుపతి కాలేజీ 1960లో వచ్చినాయి. అనంతపురానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే అదే మంచి ఏడు అనుకునే జిల్లా ఇది. నా ఇంటర్ అయిన ఏడు బుడ్డలు ఊడలు దిగే సమయానికి వాన మొహం చాటేసింది. ఎంసెట్‌కు లాంగ్ టర్మ్ కోచింగంటే విజయవాడ హాస్టలు, ఫీజు, అంతా అప్పే. జీఎన్ఎం నర్సింగ్ అయితే మూడేళ్ళు తిరిగేసరికి జీతం. "ఇంటికి ఒక జీతం రానీమ్మా" అన్నాడు మా నాయన. ఈ జిల్లా ఆసుపత్రుల్లో నాతో పనిచేసిన నర్సుల్లో, ల్యాబ్ టెక్నీషియన్లలో ఇదే కథ ఉన్నవాళ్ళు కొల్లలు.

ఎంసెట్ పోయి 2017 నుంచి మన సీట్లకూ నీట్ వచ్చింది. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇస్తారు. అయితే మొదట్లో వయసు 25 దాటకూడదన్నారు, రిజర్వేషన్ ఉంటే 30. దాని మీద కోర్టుల్లో కేసులు నడిచినాయి. 2022 మార్చిలో జాతీయ వైద్య కమిషన్ ఆ పరిమితి ఎత్తేసింది. కాబట్టి ఇప్పుడు నేను రాయొచ్చు. ఇక్కడే పనిచేస్తున్నానని ఇక్కడి కాలేజీకి విడిగా దరఖాస్తు మాత్రం ఉండదు. ర్యాంకు రావాలి, కౌన్సెలింగ్‌లో ఆప్షన్ పెట్టుకోవాలి, సీటు ఎక్కడ పడితే అక్కడికి పోవాలి.

సరే, అదృష్టం కొద్దీ అనంతపురంలోనే వచ్చిందనుకుందాం. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు ఉండాలి. డ్యూటీ చేస్తూ అది కాని పని. సెలవు పెట్టాలి. చదువు నాలుగున్నర ఏళ్ళు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడు, మొత్తం ఐదున్నర. సర్కారు ఉద్యోగి ఎడతెగకుండా ఐదేళ్ళకు మించి డ్యూటీకి రాకపోతే ఉద్యోగమే పోతుందని ఫండమెంటల్ రూల్ 18 చెప్తుంది. ఆరు నెలలు తక్కువ పడింది! మా యూనియన్ అన్నను అడిగితే, "రాజీనామా చేసి చదువుకోమ్మా" అన్నాడు. ఇద్దరు పిల్లల ఫీజులు ఎవరు కట్టాల?

శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావును చూడమని చెప్పేవాళ్ళు ఉంటారు. బోస్టన్‌లో రాత్రిళ్ళు ఆసుపత్రి పోర్టరుగా రోగుల బెడ్‌పాన్లు ఎత్తి, పగలు హార్వర్డ్‌లో చదివినాడు, నిజమే. మహానుభావుడు. కానీ ఓడ ఎక్కేనాటికే ఆయన చేతిలో మద్రాసు ఎల్.ఎం.ఎస్. పట్టా ఉంది, వెనక మామగారి సాయం ఉంది. ఆ సంగతి ఎవరూ చెప్పరు.

పీహెచ్‌సీలో పనిచేసే డాక్టరు పీజీ చదవాలంటే ఇన్ సర్వీస్ కోటా ఉంది. జీతం వస్తూనే ఉంటుంది, చదువయ్యాక సర్కారులోనే పనిచేస్తానని బాండు రాస్తారు. ఆ కోటా తగ్గిస్తే డాక్టర్లు రోడ్డెక్కుతారు, ఎక్కాల్సిందే. ఎం.బి.బి.ఎస్.లో మాకు అట్లాంటి సీటు ఒక్కటీ లేదు. నీట్ రాయకుండా సీటిమ్మని నేను అడగను. పరీక్ష అందరితో పాటే రాస్తాము. పదేళ్ళు ప్రభుత్వాసుపత్రిలో చేసినవాళ్ళు పాసైతే కాలేజీకి రెండు సీట్లు పక్కన పెట్టండి, ఆ ఐదున్నర ఏళ్ళను సర్వీసు కింద లెక్కగట్టి సగం జీతమన్నా ఇవ్వండి, మడకశిరలోనో రాయదుర్గంలోనో పదేళ్ళు చేస్తామని బాండు రాయించుకోండి. కుంఫిణీ వాళ్ళు తమ అవసరం కొద్దీ చేసిన పనే ఇది. సీమ పల్లెల్లో డాక్టరు నిలవడం లేదని ప్రతి సర్కారూ అంటుంది. ఇక్కడే పుట్టి, ఇక్కడే ఇల్లు కట్టుకున్న మేము యాడికి పోతాము?

నేను ఈసారికి దరఖాస్తు పెట్టడం లేదు. కాంట్రాక్టు మీద పనిచేస్తున్న పాతికేళ్ళ చెల్లెళ్ళకు మాత్రం ఒక మాట చెప్తాను. బైపీసీ చదివి ఉంటే, రెగ్యులర్ పోస్టు చేతికి రాకముందే, మెడలో సంసారం పడకముందే నీట్ రాయండి. మీకు పోయే జీతం తక్కువ.