ఆరుబయట కాల్చే వంటకు బొగ్గు: పుట్టుపూర్వోత్తరాలు

ఇనుప చువ్వల మీద మాంసమో చేపో కాల్చేటప్పుడు మంట లేస్తే పైభాగం మాడిపోతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. ఈ వంటకు నిలకడైన సెగ కావాలి. ఆ సెగనిచ్చే బొగ్గుకు మొదట పేరు వచ్చింది కొలిమిలో. ఉత్త కట్టెలతో రాని వేడి బొగ్గుతో రావడం వల్లే రాగి, ఇనుము కరిగించడం మనిషికి సాధ్యమైంది.

బొగ్గు తయారీ పద్ధతి చాలా పాతది. కట్టెలను పోగుగా పేర్చి, ఆకులలములు, మట్టి కప్పి, చిన్న కంతలు వదిలి లోపల నిప్పు పెడతారు. గాలి చాలక కట్టె పూర్తిగా మండదు. వేడికి ముందు నీరు, తర్వాత వాయువులు, తారు బయటికి పోయి, చివరికి ఎక్కువగా కర్బనమే మిగులుతుంది. మొదట దట్టంగా, తెల్లగా వచ్చే పొగ పల్చబడి నీలంగా మారగానే కంతలు మూసేస్తారు. ఇలాంటి బట్టీలో కిలో బొగ్గుకు నాలుగైదు కిలోల కట్టె కావాలి. తెలుగునాట మెట్ట ప్రాంతాల్లో సర్కారు తుమ్మ ఇందుకు బాగా పనికొచ్చింది. ఇస్త్రీపెట్టెకు, కుంపటికి, మొక్కజొన్న పొత్తులు కాల్చే బండికి ఆ బొగ్గే ఆధారం. బొగ్గుల మీద కాగిన రాతిపలకపై మాంసం కాల్చే హైదరాబాదీ పత్థర్ కా గోష్ట్ కూడా ఈ నిలకడైన సెగను నమ్ముకున్న వంటే.

బొగ్గు కాల్చడాన్ని అతి సూక్ష్మమైన కళగా మలిచినవాళ్లు జపాన్‌లోని కిషూ ప్రాంతం వాళ్లు. అక్కడి బించోతాన్ అనే బొగ్గును గట్టి సిందూర జాతి చెట్టు కట్టెతో చేస్తారు. చివరి దశలో బట్టీలోకి గాలి వదిలి వేడిని వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాకా పెంచుతారు. ఎర్రగా ఉన్న బొగ్గును బయటికి లాగి, తడి మట్టి, బూడిద కలిపి కప్పేస్తారు. రెండు ముక్కలు తాటిస్తే లోహంలా ఖంగుమంటాయి. అంటుకోవడం కష్టం, అంటుకున్నాక గంటల తరబడి పొగ లేకుండా కాలుతుంది.

అమెరికాలో బొగ్గు కథను మోటారు కారు మలుపు తిప్పింది. పొడి బొగ్గును అచ్చుపోసే బ్రికెట్‌కు పెన్సిల్వేనియాకు చెందిన ఎల్స్‌వర్త్ జ్వోయర్ 1897లోనే పేటెంట్ పొందినా, దాన్ని ఇంటింటికీ చేర్చింది హెన్రీ ఫోర్డ్. అప్పట్లో మోడల్ టి కారు బాడీ చట్రంలో, చక్రాల్లో కలప బాగా వాడేవారు. బంధువైన ఎడ్వర్డ్ కింగ్స్‌ఫర్డ్ సాయంతో ఫోర్డ్ మిషిగన్‌లోని ఐరన్ మౌంటెన్ దగ్గర అడవులు కొని కోతమిల్లు పెట్టాడు. గుట్టలుగా పేరుకున్న కొమ్మలు, చెక్కముక్కలు, రంపపు పొట్టు పారేయడం ఆయనకు నచ్చలేదు. ఆరెగన్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త ఆరిన్ స్టాఫర్డ్ పద్ధతిని అనుసరించి, ఆ వ్యర్థాలను బొగ్గు చేసి, పొడి కొట్టి, గంజితో కలిపి అచ్చుల్లో అదిమారు. ఆ బ్రికెట్లను ఫోర్డ్ కార్ల దుకాణాల్లోనే అమ్మారు. 1951లో కర్మాగారం చేతులు మారాక సరుకు పేరు కింగ్స్‌ఫర్డ్ అయింది. మరుసటి ఏడాది షికాగోలో జార్జ్ స్టీఫెన్ మూత ఉన్న గుండ్రటి వెబర్ గ్రిల్ తయారు చేయడంతో పెరటి వంట అమెరికా అలవాటైంది.

ఆ తర్వాత గ్యాస్ వచ్చింది. 1980ల్లో ఆరెగన్‌కు చెందిన ట్రేగర్ కుటుంబం రంపపు పొట్టు గుళికలతో నడిచే గ్రిల్ తెచ్చింది. గ్యాస్‌లో వేడి చేతి అదుపులో ఉంటుంది కానీ కట్టె పొగ వాసన ఉండదు. ఆ వాసన కట్టెలోని లిగ్నిన్ విచ్ఛిన్నమైనప్పుడు పుడుతుంది. బాగా కాలిన బొగ్గులోనూ అది తక్కువే. నిప్పుల మీద పడిన కొవ్వు రేపే ఆవిరే బొగ్గు వంటకు ప్రత్యేక రుచినిస్తుంది.

ఎంపికలో పనిని చూడాలి. కబాబు, చేప, పొత్తుల వంటి త్వరగా కాలేవాటికి గట్టి కట్టెతో చేసిన అసలు బొగ్గును మించినది లేదు. విరిచినచోట నల్లగా మెరవాలి. గోధుమరంగు కనిపిస్తే సగమే కాలిందని, పొగ చిమ్ముతుందని అర్థం. గంటల తరబడి మెల్లగా కాల్చాల్సిన పెద్ద మాంసపు ముక్కకు, ఒకే తీరుగా కాలే బ్రికెట్లు మేలు. కొన్ని బ్రికెట్లలో రాతిబొగ్గు, సున్నపురాయి కలుపుతారు కాబట్టి సంచి మీద రాసింది చదివి కొనాలి. కిరోసిన్‌తో రాజేస్తే ఆ కంపు వంటకు పడుతుంది. పైన తెల్లటి నివురు పట్టాకే వంట పెట్టాలి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు మాత్రం నిప్పులో వేయకూడదు.

పొగ రావడం లేదని బొగ్గుల కుంపటిని ఇంట్లోకో, తలుపులు మూసిన గదిలోకో తేవద్దు. వాసన, రంగు లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.