‘నీట్’: ఒకే పలుకు, మూడు భాషలు

సిరొంచ తాలూకాలోని అనేక కుటుంబాలలో ఇంట తెలుగు, బడిలో మరాఠీ వాడుకలో ఉన్నాయి. పిల్లలకు ఈ రెండింటితో పాటు ఇంగ్లీషు కూడా తప్పదు. మూడింటిలోనూ దాదాపు ఒకే విధంగా వినిపిస్తూ వేర్వేరు అర్థాలనిచ్చే మాట ‘నీట్’. చిన్న మాటయే అయినప్పటికీ పరీక్షా మందిరంలోను, మందుల దుకాణం వద్దను దీనిని పొరపాటుగా గ్రహించుట నష్టదాయకం.

తెలుగులో ‘నీటు’ అనునది ఇంగ్లీషు చదువులు రాక పూర్వం నుండియు ఉన్న మాట. సొగసు, ఠీవి, టెక్కు అని దీని అర్థాలు. బ్రౌన్ నిఘంటువులోనూ ఇది కలదు. ‘నీటుగా నడిచాడు’ అన్నచోట శుభ్రత ప్రసక్తి లేదు, ఉన్నది హొయలు మాత్రమే. నేడు ‘నీట్‌గా ఉన్నాడు’ అనునప్పుడు పాత తెలుగు మాట, కొత్త ఇంగ్లీషు మాట ఒకదానిలో ఒకటి కలిసిపోయి వినిపిస్తున్నవి.

మరాఠీ ‘నీట్’ మార్గం వేరు. ఇదియు ఇంగ్లీషు నుండి వచ్చినది కాదు. తిన్నగా, సరిగా, జాగ్రత్తగా అని దీని భావం. ‘నీట్ బస్’ అనగా సరిగా కూర్చో. ‘నీట్ జా’ అనగా జాగ్రత్తగా వెళ్ళు. ‘తబ్యేత్ నీట్ నాహీ’ అనగా ఒంట్లో బాగా లేదు. పాడైన సైకిలును బాగుచేయుట కూడ ‘నీట్ కరణే’ యే. ప్రశ్నపత్రంపై ‘ప్రశ్న నీట్ వాచా’ అని ఉన్నచో ప్రశ్నను శ్రద్ధగా చదవమని ఆదేశం. ‘నీట్ లిహా’ అని గురువు చెప్పినప్పుడు తెలుగింటి బాలుడు అక్షరాలను గుండ్రంగా దిద్దుటయే చాలుననుకొనవచ్చు. గురువు కోరునది తప్పులు లేని వ్రాత కూడా. ఆరోగ్య కేంద్రంలో ‘ఔషధ్ నీట్ ఘ్యా’ అన్నచో, చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు మందు వేసుకొనవలెనని అర్థం. పొందికగా, శుభ్రంగా ఉండుటకు మరాఠీలో ‘నీట్‌నేట్‌కా’ అను మాట ప్రత్యేకంగా కలదు.

ఇక ఇంగ్లీషు ‘నీట్’. ఎన్-ఇ-ఎ-టి అని వ్రాయబడు ఈ మాటకు మూలం ‘మెరయునది’ అను భావంగల లాటిన్ పదం. ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులో ప్రవేశించినది. పొందికగా, చిందరవందర లేకుండా ఉండుట ముఖ్యార్థం. దస్తూరి, బట్టల మడత, బల్లపై పుస్తకాల వరుస దీనికి తగిన చోట్లు. మురికి లేకపోవుటకు ఇంగ్లీషువారు వాడు మాట ‘క్లీన్’. మనవారు ‘గిన్నెలు నీట్‌గా తోమింది’, ‘నీళ్ళు నీట్‌గా ఉన్నాయి’ అందురు. తెలుగు మాటల్లో ఇది చెల్లును గాని ఇంగ్లీషు వ్యాసంలో ‘నీట్ వాటర్’ అని వ్రాసినచో మార్కులు పోవును. ‘టైడీ’ అనునది దీనికి దగ్గరి మాట. కాలం, వేళ అను అర్థంగల పాత పదం నుండి పుట్టినది. వేళకు జరిగినది అనుటయే దాని తొలి భావం. వ్యతిరేకార్థంలో ‘అన్‌టైడీ’ అందురు గాని ‘అన్‌నీట్’ అనరు.

యుక్తిగా సాగిన పనిని కూడ ఇంగ్లీషులో నీట్ అందురు. అమెరికాలోనైతే వట్టి మెప్పుగా, ‘భలే’ అన్నట్లుగా వాడుట కద్దు. నీరు కలపని మద్యానికి చెల్లు అర్థం పలువురికి తెలిసినదే. కాని అదే అర్థం క్రిమిసంహారక ద్రవాల సీసాలపైనను కనబడవచ్చును. అక్కడ ‘నీట్’ అనగా శుభ్రమని కాదు, నీరు కలపనిదని. అటువంటి ద్రవాన్ని నీట్‌గా వాడరాదని ఉన్నచో, తప్పక నీరు కలిపియే వాడవలెను.

ధాన్యపు బస్తాపై ‘నెట్ వెయిట్’ అని ఉండు ‘నెట్’ సైతం ఇదే ఫ్రెంచి మాట నుండి వచ్చినదే. సంచి బరువు పోగా మిగిలిన నికర తూకం అని అర్థం. ప్రాణహితలో చేపలు పట్టు వల, అనగా ‘నెట్’, మాత్రం వేరు పదం. పశువులకు కూడ పూర్వం ఇంగ్లీషులో ‘నీట్’ అను పేరుండెడిది. తోలు మెత్తబరచుటకు వాడు ‘నీట్స్‌ఫుట్’ నూనెలో అది నేటికీ నిలిచియున్నది.

వైద్యవిద్య ప్రవేశ పరీక్ష ‘నీట్’లో రెండు ‘ఇ’లు ఉండును, అది పొడి అక్షరాల పేరే గాని శుభ్రతకు సంబంధించినది కాదు. 2013లో తొలిసారి జరిగి, అదే ఏడాది సుప్రీంకోర్టు తీర్పుతో ఆగి, 2016లో తిరిగి వచ్చినది. 2017 నుండి తెలుగు, మరాఠీ మాధ్యమాలు రెండూ ఉన్నవి. అయితే ఇటీవలి సంవత్సరాల సమాచార పుస్తకాల ప్రకారం ప్రాంతీయ భాషా ప్రశ్నపత్రం ఆయా రాష్ట్రాల కేంద్రాలలోనే లభించును. మహారాష్ట్ర కేంద్రాన్ని ఎంచుకొన్న సిరొంచ విద్యార్థికి మరాఠీ, హిందీ, ఇంగ్లీషు దొరకును గాని తెలుగు దొరకదు. కనుక దరఖాస్తులో భాష గడిని నింపుటకు ముందు ఆ ఏటి పుస్తకాన్ని, మరాఠీవారన్నట్లు, ‘నీట్’గా చదువుకొనవలెను.