సిన్సినాటి జూలో సుమత్రా ఖడ్గమృగాల కథ

వేసవి వచ్చిందంటే సిన్సినాటిలో ఉండే మన తెలుగువాళ్ళ ఇళ్ళకి ఇండియా నుంచి అమ్మానాన్నలు రావడం, వాళ్ళని శని ఆదివారాలు ఎక్కడికి తీసుకెళ్ళాలా అని మనం తల పట్టుకోవడం మామూలే. అలాగే ఒకసారి మా నాన్నగారిని ఇక్కడి జూకి తీసుకెళ్ళాను. గేటు దగ్గరే "ఇంత దూరం వచ్చి మళ్ళీ పులుల్నీ ఏనుగుల్నేనా చూడటం? అది మన హైదరాబాదులోనే ఉంది కదరా" అన్నారు. ఆయన మాట కాదనలేకపోయాను కానీ, ఈ జూకి ఇంకో కథ ఉంది. అది బోర్డుల మీద పూర్తిగా కనిపించదు.

ఈ జూ 1875లో మొదలయింది. అమెరికాలోని బాగా పాత జూలలో ఇదొకటి, ఫిలడెల్ఫియా జూ కంటే ఒక్క ఏడాదే వెనక. ఇక్కడ పగోడా ఆకారంలో చిన్న పాత కట్టడం ఒకటుంది. చాలామంది దాన్ని దాటుకుని వెళ్ళిపోతారు. ఒకప్పుడు ఉత్తర అమెరికా ఆకాశంలో కొన్ని వందల కోట్ల సంఖ్యలో ఎగిరిన పాసెంజర్ పావురాల జాతిలో ఆఖరిది, మార్తా అనే ఆడ పావురం, 1914 సెప్టెంబరు 1న ఈ జూలోనే చనిపోయింది. నాలుగేళ్ళు తిరక్కుండా 1918 ఫిబ్రవరిలో కరోలినా చిలకల్లో ఆఖరిదిగా పేరుపడ్డ ఇంకాస్ కూడా ఇక్కడే పోయింది. అంటే రెండు జాతులు అంతరించిపోతుంటే చూస్తూ ఉండటం తప్ప ఏమీ చెయ్యలేకపోయిన జూ ఇది. తర్వాత ఏం చేసిందన్నదే నేను చెప్పదలుచుకున్నది.

ఖడ్గమృగాల్లో ఐదు జాతులున్నాయి. వాటిలో అన్నిటికంటే చిన్నది, ఒంటినిండా బొచ్చు ఉండేది సుమత్రా ఖడ్గమృగం. కొమ్ము కోసం వేట, అడవుల నరికివేత కలిసి వీటిని దాదాపు తుడిచిపెట్టాయి. 1984లో కొన్ని దేశాలవాళ్ళు కలిసి, అడవిలో ఎలాగూ బతకలేని వాటిని పట్టి జూలలో పిల్లల్ని పెట్టిద్దామని ఒక పథకం వేశారు. సుమారు 40 జంతువులని పట్టారు. పదేళ్ళు గడిచేసరికి వాటిలో చాలా చచ్చిపోయాయి, ఆ జంటలకి ఒక్క పిల్లా పుట్టలేదు. అమెరికాకి ఏడు వచ్చాయి, మూడు మిగిలాయి. "అడవిలో వదిలేసినా ఇంతకంటే బాగుండేదేమో" అన్న విమర్శ అప్పట్లో గట్టిగానే వచ్చింది. అది న్యాయమైన విమర్శే అని నాకనిపిస్తుంది.

మొదటి తప్పు తిండి దగ్గర జరిగింది. ఎండుగడ్డి పెట్టేవారు. ఇవేమో అడవిలో ఆకులూ కొమ్మలూ తినే జంతువులు. సిన్సినాటిలోని మగ జంతువు ఇపు తిండి మానేసి చావుకి దగ్గరపడితే, మర్రి కుటుంబానికి చెందిన చెట్ల కొమ్మలు తెప్పించి పెట్టారు. లేచి తినడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆ కొమ్మలు కాలిఫోర్నియా నుంచి విమానంలో వచ్చేవి. ఒహాయో చలిలో మర్రి ఎక్కడ దొరుకుతుంది మరి!

రెండో చిక్కు జత కలపడం. ఇవి ఒంటరిగా తిరిగే జంతువులు. ఆడది ఎదకి రాని రోజున మగదాన్ని దగ్గరికి వదిలితే కొట్టుకుంటాయి. లాస్ ఏంజిలెస్ నుంచి 1995లో ఎమి అనే ఆడ ఖడ్గమృగం వచ్చింది. జూకి అనుబంధంగా 1981 నుంచి పనిచేస్తున్న పరిశోధన కేంద్రంలో డాక్టర్ టెర్రీ రాత్ ఈ సమస్య మీద కూర్చున్నారు. మత్తుమందు ఇవ్వకుండా, ఎమికి ఇష్టమైన తిండి పెడుతూ కదలకుండా నిలబడటం అలవాటు చేసి అల్ట్రాసౌండ్ తీసేవారు. నెలల తరబడి చూశాక తేలిందేమిటంటే, ఈ జంతువులో అండం తనంతట తాను విడుదల కాదు. మగదానితో కలిసిన తర్వాతే విడుదలవుతుంది, పిల్లుల్లో లాగా. మనం సాఫ్ట్‌వేర్లో బగ్ వెతికినట్టే, లోపం ఎక్కడుందో తెలిసేదాకా ఎన్ని మార్పులు చేసినా లాభం లేదు.

తెలిశాక కూడా కష్టాలు తీరలేదు. ఎమికి వరసగా ఐదు గర్భాలు పోయాయి. ఆరోసారి ప్రొజెస్టెరాన్ లాంటి హార్మోన్ మందుని రోజూ బ్రెడ్డు ముక్క మీద వేసి తినిపించారు. 475 రోజులు మోసి, 2001 సెప్టెంబరు 13న మగపిల్లని కన్నది. అండలాస్ అని పేరు పెట్టారు, సుమత్రా దీవికి అది పాత పేరు. న్యూయార్క్ ఘటన జరిగి రెండు రోజులే అయింది కాబట్టి ఆ వార్త చాలామంది కంటపడలేదు.

బందీగా ఉన్న జంటకి ఈ జాతి పిల్ల పుట్టడం 112 ఏళ్ళలో అదే మొదలు. అంతకు ముందు పుట్టింది ఎక్కడో కాదు, మన కలకత్తా జూలోనే, 1889లో. అప్పటి సూపరింటెండెంటు రామబ్రహ్మ సన్యాల్ జంతువుల పోషణ మీద 1892లో ఒక పుస్తకమే రాశారు.

ఎమికి తర్వాత సుచి (2004), హరపాన్ (2007) పుట్టారు. సుచికి హార్మోను మందు కూడా అవసరం రాలేదు. 2009లో ఎమి, 2013లో ఇపు చనిపోయాయి. తర్వాత మిగిలింది అక్కాతమ్ముళ్ళ వరసే. అడవిలో వంద కూడా లేవు కాబట్టి సుచినీ, దాని సొంత తమ్ముడు హరపాన్‌నీ కలపాలని 2013లో జూ నిర్ణయించింది. వినడానికే ఇబ్బందిగా ఉంటుంది. ఆ పని జరగకముందే 2014లో సుచి పోయింది. శరీరంలో ఇనుము పేరుకుపోయే జబ్బే దాన్ని తీసుకుపోయిందని వైద్యులు భావించారు.

అప్పటికే అండలాస్‌ని 2007లో సుమత్రాలోని వే కంబాస్ అభయారణ్య కేంద్రానికి పంపారు. అక్కడ దానికి 2012లో అండాతు, 2016లో డిలైలా, తర్వాత మరికొన్ని పిల్లలు పుట్టాయి. 2015లో హరపాన్‌నీ పంపేశారు. జూ తన దగ్గరున్న ఆఖరి జంతువుని, జనాన్ని రప్పించే జంతువుని, వదులుకోవడం నాకు బాగా నచ్చిన విషయం. 2023 నవంబరులో డిలైలాకి పిల్ల పుట్టింది. తండ్రి హరపాన్. అంటే వరసకి బాబాయి! మేనమామ అయితే మన వాళ్ళు సర్దుకుంటారు గానీ బాబాయి అంటే ఒప్పుకోరు. నవ్వులాట పక్కనపెడితే, రక్తసంబంధం ఇంత దగ్గరగా ఉండటం ఈ జాతికి పెద్ద ప్రమాదమే. అడవిలో మిగిలినవి యాభైలోపే అని అంచనా. మలేషియాలో ఆఖరిది 2019లో పోయింది.

ఇదంతా రాస్తూ 2016 మే నెల మాట ఎత్తకపోతే తప్పవుతుంది. మూడేళ్ళ పిల్లవాడు గోడ దాటి లోపల పడితే, హరాంబే అనే గొరిల్లాని ఈ జూలోనే కాల్చి చంపారు. పిల్లవాడు బతికాడు. ఆవరణ కంచె తర్వాత ఎత్తు పెంచారు. ముందే పెంచి ఉండాల్సింది.

హైదరాబాదులోనూ ఇలాంటి పని జరుగుతోందని మనలో చాలామందికి తెలియదు. సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాలలో 2006లో కృత్రిమ గర్భధారణ ద్వారా చుక్కల జింక పిల్ల పుట్టింది. నెహ్రూ జూతో కలిసి 2010లో మూషిక జింకల పెంపకం మొదలుపెట్టి, పుట్టినవాటిని నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు. ఈ సంగతి చెబితే మా నాన్నగారు "మరి మనం అక్కడికి ఇన్నిసార్లు వెళ్ళాం, ఎవరూ చెప్పలేదే" అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు మార్తా కట్టడం దగ్గర ఆగి, ఫలకం మీద ఉన్నదంతా నా చేత తెలుగులో చెప్పించుకున్నారు.