చెట్టు లేదు, నీడ ఉంది

మా అమ్మ నన్ను పెంచిన మొదటి రెండేళ్ల గురించి ఎప్పుడూ పెద్దగా చెప్పేది కాదు. ఈమధ్య మా అమ్మాయి పురిటికి వచ్చింది. ఒక అర్ధరాత్రి పసివాడు ఎంతకీ ఊరుకోక, మా అమ్మాయి కూడా వాడితోపాటు ఏడుస్తుంటే అప్పుడు నోరు విప్పింది.

"1971లో మీ అమ్మా ఇంతే ఏడ్చేది. భిలాయి క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మీ తాతయ్యకి నైట్ షిఫ్ట్. పక్కింటావిడ హిందీ, ఎదురింటావిడ బెంగాలీ. నాకు రెండూ రావు. ఒకరోజు దీన్ని మంచం మీద పడుకోబెట్టేసి వంటింట్లోకి పోయి తలుపేసుకున్నాను. మర్నాడు మాలతీ చందూర్‌కి ఉత్తరం రాశాను."

"ఏం రాశావమ్మా?" అన్నాను.

"పిల్ల ఏడుస్తుంటే జాలి రావాలి కదా, నాకు కోపం వస్తోంది, నేను తల్లినేనా అని."

"జవాబొచ్చిందా?"

"పోస్టు చేస్తేగా! మీ నాన్నమ్మ కూడా ఆంధ్రప్రభ చదివేది. పేరు రాయకపోయినా నా దస్తూరీ గుర్తుపట్టేస్తుందేమోనని భయమేసింది."

అచ్చులో దస్తూరీ ఉండదు కదమ్మా అన్నాను. ముగ్గురం పగలబడి నవ్వాం. నవ్వడం అయ్యాక ఆవిడే మళ్లీ అంది: "పోస్టు చెయ్యకపోతేనేం, వారం వారం ప్రమదావనం చదివేదాన్ని. అక్కడికి వెళ్లొచ్చినట్టుండేది."

'వెళ్లొచ్చినట్టు' అన్న మాట నన్ను పట్టుకుంది. ఎక్కడికి వెళ్లొచ్చినట్టు? చదివేది వారపత్రికలో ఒక శీర్షిక. మా అమ్మ దాన్ని ఒక చోటుగా గుర్తుపెట్టుకుంది. ఆలోచిస్తే మన స్త్రీల పత్రికల చరిత్రలో ఇలాంటి లేని చోట్లు ఇంకా ఉన్నాయి. వాటిని ఎవరు కట్టారు, ఎవరు వచ్చి కూర్చున్నారు, ఎవరికి చోటు దొరకలేదు అని అడగాల్సిన అవసరం ఉందనిపించింది.

పత్రికలకు ముందు మనకు ఉన్న చోటు పేరంటం. బారసాల, సీమంతం, నోము, అట్లతద్ది... పిల్లల కడుపునొప్పికి వాము మొదలుకొని అత్తగారి సాధింపు దాకా అన్నీ పసుపు కుంకాల మధ్యే చెప్పుకునేవారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ పేరంటానికి బొట్టు పెట్టి పిలుస్తారు. అంటే బొట్టు లేనివాళ్లని పిలవరు. భర్త పోయిన తల్లికీ బిడ్డ ఉంటుంది, ఆ బిడ్డకీ జ్వరం వస్తుంది. ఆమె ఎవరిని అడగాలి? బిడ్డలు పోయిన తల్లి, పక్కవాళ్ల బారసాలలో ఏ మూల కూర్చోవాలి? కులం గడప దాటి పేరంటం ఎటూ పోదు. తల్లుల మధ్య స్నేహానికి అది చోటిచ్చింది, ఆ చోటుకి కాపలా కూడా పెట్టింది.

ఈ కాపలా గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు భండారు అచ్చమాంబ గుర్తొస్తుంది. కన్న ఇద్దరు పిల్లలూ పసితనంలోనే పోయారు. భర్త ఉద్యోగరీత్యా తెలుగు దేశానికి దూరంగా మధ్యపరగణాల్లో బతికింది. అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని పెంచింది. 1905లో బిలాస్‌పూర్‌లో ప్లేగు రోగులకు సేవ చేస్తూ అదే రోగంతో పోయింది. అప్పటికి ఆమెకి ముప్పై ఒకటో ఏడు కూడా నిండలేదు. మా అమ్మ నన్నెత్తుకుని ఒంటరిగా కూర్చున్న భిలాయి, ఆ బిలాస్‌పూర్‌కి ఎంతో దూరం కాదు. రెండూ ఇవాళ ఛత్తీస్‌గఢ్‌లోనే ఉన్నాయి. ఇద్దరి మధ్యా డెబ్భై ఏళ్లు. చుట్టూ తెలుగు మాట వినపడని ఇంట్లో, చేతిలో తెలుగు అచ్చుకాగితంతో ఇద్దరూ కూర్చున్నారు.

అచ్చమాంబ 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో ఒక స్త్రీ సమాజం పెట్టింది. దాని పేరు బృందావన స్త్రీ సమాజం. సమాజానికి తోట పేరెందుకు పెట్టారో గానీ, ఆ పేరులోనే ఒక ఆట ఉంది. నలుగురు ఆడవాళ్లు ఒక గదిలో కూర్చుని చదువుకుంటే అది బృందావనం అయిపోతుంది! అదే ఏడాది ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య 'హిందూసుందరి' మొదలుపెట్టారు. తర్వాత మొసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయమ్మ దానికి సంపాదకులయ్యారు. అచ్చమాంబ కథలూ వ్యాసాలూ అందులో వచ్చాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. అంతకు దాదాపు ఇరవై ఏళ్ల ముందే, 1883లో, వీరేశలింగం 'సతీహితబోధిని' పెట్టాడు. ఆ పేరులోనే ఎవరు చెప్పాలో, ఎవరు వినాలో తేలిపోయింది. అది తరగతి గది. స్త్రీలు అందులో విద్యార్థినులు. అచ్చమాంబ తరం స్త్రీలు రాయడం మొదలుపెట్టాక ఆ గదికి కిటికీలు తెరుచుకున్నాయి. పత్రిక తెరవడానికి బొట్టు అక్కర్లేదు. వితంతువు చదువుతోందా, గొడ్రాలని పేరు పడ్డ మనిషి చదువుతోందా అని కాగితం అడగదు. పేరంటం ఇవ్వలేనిది అచ్చు ఇచ్చింది. కాకపోతే ఒక్క షరతు, చదువు వచ్చి ఉండాలి. 1901 జనాభా లెక్కల్లో మన దేశంలో చదవడం రాయడం వచ్చిన స్త్రీలు 0.6 శాతం. నూటికి ఒక్కరు కూడా కాదు. ఈ అంకెను పక్కన పెట్టుకునే మిగతా కథ చెప్పుకోవాలి.

ఆ తర్వాత తరంలో కనుపర్తి వరలక్ష్మమ్మ వచ్చింది. బాపట్ల మనిషి. ఆంధ్రపత్రికలో 'లీలావతి' పేరుతో ఆమె రాసిన శీర్షిక 'మా చెట్టునీడ ముచ్చట్లు'. పేరు చూడండి! వ్యాసం కాదు, బోధ కాదు. ముచ్చట్లు. అవీ చెట్టు నీడన. ఊళ్లో చెట్టు నీడ రచ్చబండది. అక్కడ కూర్చుని తీర్పులు చెప్పేది మగవాళ్లు. వరలక్ష్మమ్మ ఆ చెట్టుని కాగితం మీద నాటి ఆడవాళ్లని దాని కింద కూర్చోబెట్టింది. రచ్చబండ దగ్గర నిలబడటానికి కూడా వీల్లేనివాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

తర్వాత 1934 దాకా 'గృహలక్ష్మి' పత్రికలో ఆమె 'శారద లేఖలు' రాసింది. శారద అనే స్త్రీ తన స్నేహితురాలు కల్పలతకి రాసే ఉత్తరాలు అవి. శారదా కల్పనే, కల్పలత పేరులోనే కల్పన ఉంది. ఈ ఇద్దరు లేని మనుషుల మధ్య నిజమైన విషయాలు నడిచాయి. 1929లో శారదా చట్టం వచ్చి ఆడపిల్ల పెళ్లికి కనీసం 14 ఏళ్లుండాలంది. పదేళ్ల కూతురున్న తల్లికి ఆ రోజుల్లో ఇంతకంటే పెద్ద సంగతి ఏముంటుంది? చట్టాన్ని నమ్మి పిల్లని చదివించాలా, ఊరిని చూసి భయపడి ముడిపెట్టేయాలా? ఇలాంటి భయాల్ని అత్తగారితో చెప్పుకోలేరు. కల్పలతతో చెప్పుకోవచ్చు. ఉత్తరం చదివే ప్రతి స్త్రీ కాసేపు కల్పలత అవుతుంది. తనని అడిగి, తనకి చెప్పుకునే స్నేహితురాలు ఒకతె ఉందనుకుంటుంది. వరలక్ష్మమ్మ అక్కడితో ఆగలేదు. 1931లో బాపట్లలో స్త్రీహితైషిణీ మండలి స్థాపించింది. కాగితం మీది చెట్టుకి ఆ ఊళ్లో నిజంగానే వేళ్లు దిగాయి.

ఇంక మా అమ్మ 'వెళ్లొచ్చిన' చోటు. ఆంధ్రప్రభ వారపత్రికలో 1952లో మాలతీ చందూర్ 'ప్రమదావనం' మొదలుపెట్టింది. దాదాపు 47 ఏళ్లు నడిపింది. వంటలు, కుట్లు, అల్లికలు, వాటి పక్కనే పాఠకుల ప్రశ్నలు, జవాబులు. ఆమె నవలలు రాసింది. 'హృదయనేత్రి'కి 1992లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అయినా 2013లో ఆమె పోయినప్పుడు మా అమ్మ వయసు వాళ్లందరూ ముందు తలుచుకున్నది ప్రమదావనాన్నే.

ఈ పేరు కూడా తోటే. ప్రమదావనం అంటే అంతఃపురాన్ని ఆనుకుని రాజస్త్రీలు విహరించే ఉద్యానం. అందమైన మాటే, కానీ కోట గోడ లోపలి మాట. వాల్మీకి సీత కూర్చున్న అశోకవనాన్ని కూడా ప్రమదావనమనే అంటాడు. విహారానికీ చెరకీ ఒకటే పేరు! అక్కడ కూడా చుట్టూ ఉన్న కాపలావాళ్లలోంచే త్రిజట ఒకతె కల చెప్పి ధైర్యం ఇచ్చింది.

స్త్రీవాద విమర్శ ఈ శీర్షికల్ని అనుమానంగా చూసింది. అనుమానం న్యాయమైనదే. ఇంటిని దిద్దుకోమన్నాయి గానీ ఇల్లు ఎవరిదని అవి ఎంత గట్టిగా అడిగాయి? పిల్లల పెంపకం తల్లి పనే అన్నది ఆ తోటలో ముందే ఒప్పేసుకున్న మాట. 'ప్రమద' అంటేనే స్త్రీ. తండ్రి ఆ తోటలోకి రాడు. పిల్ల ఏడిస్తే ఏం చెయ్యాలని అడిగే తండ్రికి చెట్టు నీడా లేదు, కల్పలతా లేదు. మా నాన్న నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి పడుకునేవాడు, మా అమ్మ పత్రిక తీసేది. ఆ పత్రిక ఆమెకి తోడిచ్చింది. ఆ తోడు వల్లే కాబోలు, నాన్నని నిద్రలేపి బిడ్డనివ్వాలన్న ఆలోచన ఆవిడకి రాలేదు. ఈ రెండూ నిజమే.

కానీ విమర్శలో మనం ఒక పొరపాటు చేశామనుకుంటాను. మనం జవాబులు మాత్రమే చదివాం. జవాబు ఒక గొంతుది. ఆ గొంతు ఎంత ముందుకు పోయింది, ఎక్కడ రాజీపడింది అని తూచాం. మా అమ్మని అడిగితే జవాబులు ఒక్కటీ గుర్తులేవంది. "ప్రశ్నలు గుర్తున్నాయా?" అంటే, "ఏదని చెప్పను గానీ, ఎక్కడో ఏలూరులోనో కడపలోనో ఒకావిడకి కూడా నాలాగే ఉందే అనిపించేది. అది చాలదూ!" అంది. అంటే ఆ చోటుని కట్టింది జవాబు చెప్పినావిడ ఒక్కతే కాదు. ఇన్‌లాండ్ కవర్ కొనుక్కుని, పిల్లలు పడుకున్నాక రాసి, పేరు దాచుకుని పంపిన వేలమంది కూడా. రాసి పంపనివాళ్లు కూడా. గ్రంథాలయాల జాబితాల్లో రచయిత్రుల పేర్లుంటాయి. ఈ రెండోవాళ్లకి ఏ జాబితాలోనూ చోటు లేదు.

మరి ఉత్తరం రాయడమే రానివాళ్లు? 1951లో కూడా దేశంలో అక్షరాస్యులైన స్త్రీలు నూటికి 9 మంది లోపే. 1991 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 33 మంది. నాట్లు వేస్తూ గట్టు మీది చెట్టుకి ఉయ్యాల కట్టి బిడ్డని పడుకోబెట్టే తల్లికి, ప్రమదావనం పేరు కూడా తెలియదు. ఆమెకి ఉన్నది నిజమైన చెట్టు. దాని కింద కూర్చునే తీరికే లేదు.

ఆ తల్లుల దగ్గరికి కూడా ఒక కల్పిత స్త్రీ వెళ్లింది. ఆమె పేరు కూడా సీతే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమం వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉంది. సారా కూల్చేసిన ఒక పేదింటి కథ. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రిబడిలో దాన్ని కూడబలుక్కుని చదివారు. ఇది మన కథే కదా అన్నారు. కూలి డబ్బు సారాకి పోతే పిల్లలకి గంజి ఎక్కడిదని అడిగారు. 1992లో దూబగుంటలో రోశమ్మతో కలిసి ఆడవాళ్లు సారా అంగడిని మూయించిన సంగతి మనందరికీ తెలుసు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సీతమ్మ ఏ ఊళ్లోనూ లేదు. ఆమె చుట్టూ చేరిన వాళ్లు మాత్రం ఉన్నారు. ప్రమదావనంలో ఒకరి ప్రశ్న ఇంకొకరు ఒంటరిగా చదువుకున్నారు. రాత్రిబడిలో ఒకే ప్రశ్నని అందరూ కలిసి పైకి చదివారు. అందుకే అది వీధిలోకి వచ్చింది. తల్లుల దుఃఖానికి నీడనివ్వడం ఒక పని. ఆ దుఃఖానికి కారణమైనవాళ్ల ముందుకి నడవడం ఇంకో పని. మొదటి పని అయితేనే రెండోది మొదలవుతుందని నెల్లూరు ఆడవాళ్లు చూపించారు.

అమ్మని ఆ ఉత్తరం ఏమైందని అడిగాను. చాలాకాలం బియ్యం డబ్బాలో దాచిందట. తర్వాత దాని వెనక పాల లెక్క రాసుకుందట. తర్వాత ఏమైందో ఆవిడకే తెలియదు.

మీ ఇళ్లలో అటక మీద, ట్రంకు పెట్టెల్లో మీ అమ్మలు రాసి పంపని ఉత్తరాలు, కత్తిరించి దాచుకున్న ప్రశ్నలు ఉంటే పారేయకండి. వెనక వైపు పాల లెక్క ఉన్నా సరే. అమ్మలు ఉంటే అడగండి కూడా. మా అమ్మ ఆ రాత్రి పసివాణ్ణి మా అమ్మాయి చేతుల్లోంచి తీసుకుని, "కోపం వస్తే రానీ. కాసేపు వాళ్ల నాన్నని లేపు" అంది. ఆ జవాబు చెప్పడానికి ఆవిడకి యాభై ఏళ్లు పట్టింది.