మధురవాణి గొంతు ఎవరిది? : విజయనగర రంగస్థలం, కళావంతుల చరిత్ర

గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' నాటకం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. 1909 నాటి రెండవ కూర్పులో మధురవాణి పాత్ర బాగా విస్తరించింది. విమర్శకులు ఆమె చమత్కారాన్ని, లోకజ్ఞతను విస్తృతంగా చర్చించారు. అయితే ఆ పాత్రకు ఆధారమైన వృత్తి కళాకారిణుల చరిత్ర ఆ చర్చలో వెనుకబడింది. నాటక పాఠాన్ని, సంస్కరణోద్యమాన్ని, చట్టాలను కలిపి చూసి ఆ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఉత్తరాంధ్రలో ఈ వృత్తికి దీర్ఘచరిత్ర ఉంది. శ్రీకూర్మం, ముఖలింగం, సింహాచలం ఆలయ శాసనాలలో సానుల ప్రస్తావనలు కనిపిస్తాయి. అక్కడ వారు ఆలయ సేవలో స్థానమున్న వ్యక్తులు. పందొమ్మిదవ శతాబ్దికి జమీందారీ సభలు, పెళ్లిళ్లలో మేజువాణీలు వారికి ముఖ్య జీవనాధారమయ్యాయి. పదాలు, జావళీలు అభినయ సహితంగా వారి కంఠాలలో నిలిచాయి.

1893లో మద్రాసులోని హిందూ సంఘ సంస్కరణ సమాజం నాచ్‌లకు అధికారులు హాజరు కారాదని వైస్రాయికి, గవర్నరుకు విన్నవించింది. ఆంధ్రదేశంలో వీరేశలింగం అదే వాదాన్ని బలంగా వినిపించారు. కన్యాశుల్కంలో సౌజన్యారావు పంతులు ఈ ఉద్యమానికి ప్రతినిధి. పురుషవేషంలో అతని ఇంటికి వెళ్లిన మధురవాణి తన సాయానికి ప్రతిఫలంగా ముద్దు కోరుతుంది. అతడు సిద్ధపడే వేళకు తానే వారిస్తుంది. చెడని వారిని చెరపవద్దన్న తల్లి మాట అందుకు కారణం. నీతి సంస్కర్తకే పరిమితం కాదని, వృత్తిలోనూ ఒక నియమం ఉందని గురజాడ ఈ ఘట్టంలో చూపారు.

అయితే ఈ గొంతు ఎవరిది? మాటలు పురుష రచయితవి. ఆనాటి తెలుగు రంగస్థలంపై స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. మేజువాణి చేసే స్త్రీ నాటకంలో పాత్రగా నిలిచింది కాని నటిగా రాలేదు. తొలి కూర్పు పీఠికలో విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన 1034 కన్యాశుల్క వివాహాల లెక్క ఉంది. కళావంతుల పేర్లకు అటువంటి జాబితా అందులో లేదు.

ఇది ఒక్క ప్రాంతానికి చెందిన స్థితి కాదు. 1990లో అమెరికాలో 'సీ అండ్ సీ మ్యూజిక్ ఫ్యాక్టరీ' బృందం విడుదల చేసిన నృత్యగీతంలో గొంతు మార్తా వాష్‌ది. దృశ్యచిత్రంలో పెదవులు కదిపింది మరొక స్త్రీ. వాష్ న్యాయస్థానానికి వెళ్లి తన గుర్తింపును సాధించుకున్నారు. మేజువాణి కళాకారిణికి చట్టం ఆ దారి చూపలేదు, వేదికనే మూసివేసింది. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం ఆలయ సమర్పణను, ఆలయ నృత్యాన్ని నిషేధించింది. 1956లో ఆంధ్రలో జరిగిన సవరణ పెళ్లి మేళాలను కూడా నిషేధ పరిధిలోకి తెచ్చింది. అంతకు ముందు సంవత్సరమే, 1955లో, పి. పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన 'కన్యాశుల్కం' చిత్రంలో సావిత్రి మధురవాణిగా నటించారు. పాత్ర వెండితెరకెక్కిన మరుసటి ఏడాదే ఆ వృత్తి వారి పెళ్లి మేళం నేరమయింది.

సంస్కరణను కేవలం అణచివేతగా చూడడం సరికాదు. కళావంతుల కుటుంబంలో పుట్టిన యామినీ పూర్ణతిలకం వంటివారు సంస్కరణ పక్షాన నిలిచారు. బాలికల సమర్పణ ఆగడం నిజమైన మేలు. కాని సమర్పణను ఆపడం వేరు, కళను జీవనాధారంగా ఉంచుకునే హక్కును తొలగించడం వేరు. చట్టం ఈ రెండింటినీ ఒకటిగా చూసింది.

మరోవైపు 1919లో విజయనగరంలో స్థాపితమైన సంగీత కళాశాల కొత్త మార్గం వేసింది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. 1935లో విజయనగరంలో పుట్టిన పి. సుశీల అక్కడే డిప్లొమా పొంది చలనచిత్ర నేపథ్యగానంలో అగ్రస్థానాన్ని అందుకున్నారు. స్త్రీ గాత్రానికి గౌరవం విద్యాసంస్థ ద్వారా, యోగ్యతాపత్రం ద్వారా లభించింది. తల్లి నుంచి కూతురికి అందిన విద్యకు అటువంటి పత్రం లేదు. గోదావరి ప్రాంతంలో కళావంతుల వృద్ధ స్త్రీలు ఇళ్లలో పదాలను గుర్తుంచుకున్నారని దవేష్ సోనేజీ 2012 నాటి గ్రంథంలో నమోదు చేశారు.

కావున మధురవాణిని కేవలం రచయిత ప్రతిభకు నిదర్శనంగా చదవడం చాలదు. ఆ పాత్రలో వినిపించే చతురత ఒక స్త్రీ సమూహం సాధన చేసి సంపాదించిన విద్య. శాసనాలలోని సానులను, నాటకంలోని వేశ్యను, చట్టంలోని నిందితురాలిని ఒకే చరిత్రలో భాగంగా చదివినపుడే ఉత్తరాంధ్ర సాహిత్య చరిత్రలో ఆ విద్యకు రావలసిన స్థానం దక్కుతుంది.